పరదా బయటి కోచ్

అక్కా అంటున్నారేంది సార్, కొత్తగా? నాలుగేండ్లుగా "ఏయ్ ఖాజాబీ, టవళ్లు తీస్కపో" తప్ప ఇంకో పిలుపు వినలేదే నేను. కాగితం మీద సంతకం కావాల్సి వచ్చేసరికి రాయచోటి అక్కనైపోయినా.

తలుపు దగ్గరికేయొద్దు, తెరిచే ఉండనీండి. మీకు ఇది ఆఫీసు, నాకు తుడవాల్సిన గది. ఎవరొచ్చినా ఇబ్బంది లేదు.

చదివినాను సార్. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఇంటిపనికని మస్కట్‌లో దిగిన రోజే పోయింది. "జుహైనా అనే విద్యార్థిని టెన్నిస్ ఫైనల్‌కు ముందు నెల రోజులు ప్రాక్టీసుకు సరిగా రాలేదు. ప్రత్యక్ష సాక్షి: ఖాజాబీ, క్లీనర్." ఇంగ్లీషు బాగుంది. రెండు స్పెల్లింగులు తప్పు, పెన్సిలుతో దిద్దినాను చూసుకోండి.

ఇది పైన ఇస్తే ఓడింది ఆ పిల్ల తప్పవుతుంది, మీ కాంట్రాక్టు ఇంకో రెండేండ్లు సాగుతుంది. ఇవ్వకపోతే వచ్చే నెల మీరు తిరిగి ప్రొద్దుటూరుకు. అంతే కదా?

ఆ పిల్లకేం నష్టమంటారా? వాళ్ల నాయనకు ఖబూరాలో ఒక చిన్న పడవ, నాలుగు వలలు. ఆట కోసం కాలేజీవాళ్లు ఫీజు వదిలేస్తే చదువుకుంటాంది. ప్రాక్టీసుకే రాదని మీరు రాసిస్తే ఇంకెందుకు వదుల్తారు? అంత మాత్రం మీకు తెలీదా సార్, ఓబులేసు సారూ?

ప్రత్యక్ష సాక్షి అంట. నాకు కండ్లున్నాయని మీకెప్పుడు తెలిసింది?

ఆడపిల్లల కోర్టు చుట్టూ పచ్చ పరదా. లోపలికి మగమనిషి పోకూడదు. ఇక్కడి పద్ధతి అది, నేను తప్పు పట్టను. మీరేమో కోచ్ సారు. మెడలో విజిలు, చేతిలో టీ, పరదా బయట కుర్చీ. బంతి చప్పుడు వింటా కోచింగు. లోపలికి పోయేది నీళ్ల సీసాలు, టవళ్లు, నేను. మొదట్లో బయటికొచ్చి, "సార్, ఆ పొడుగుపిల్ల వెనక్కి వంగి కొడతాంది" అని చెప్పేదాన్ని. "ముందుకు వంగమను" అనేవారు. ఆ మాట మోసుకోని మళ్లీ లోపలికి.

ఏడాది తిరిగేసరికి బయటికి రావడం మానేసినా. గమనించినారా? లేదు. టీ బాగుండేది.

మీ డ్రాయర్లో కవరు కూడా చించని టెన్నిస్ పుస్తకం ఉండె, చించింది నేనే. పక్కన డిక్షనరీ పెట్టుకోని మూడుసార్లు చదివినా. జుహైనా బలూచీ పిల్ల, హిందీ వచ్చు. నాకూ వచ్చు. నేర్పడానికి ఇంకేం కావాల? రెండు వేల ఏడులో కప్పొచ్చింది, పీటీ సారుగా ఉన్న మీరు కాగితం మీద కూడా కోచ్ అయినారు. ఎనిమిదిలో మళ్లీ వచ్చింది, మీరు హెడ్ కోచ్ అయినారు. నాకూ ప్రమోషనే లెండి, రెండో అంతస్తు బాత్రూములు కూడా ఇచ్చినారు.

పేపరువాళ్లడిగితే ఏం చెప్పినారు? "బంతి చప్పుడు వింటే చాలు, ఏ పిల్ల ఏ తప్పు చేస్తాందో నాకు తెలిసిపోతుంది." ఆ పేపరుతో కిటికీ అద్దాలు తుడిచినా. చదివినాకే.

సరే, ఫైనల్‌కు వద్దాం. ఈసారి తండ్రులూ అన్నదమ్ములూ చూడ్డానికొచ్చినారు, పరదా తీసేసినారు, మీకూ లోపల బెంచీ మీద చోటు దొరికింది. ఆ పిల్ల ఆట మీరు కండ్లారా చూసింది ఆ రోజే. గేటు దగ్గర నా చేతిలో టవళ్లు లాక్కోని ఏమన్నారు? "పైన గ్యాలరీలోకి పోయి కూర్చో. చేతులూపి సైగలు చేయొద్దు, పరువు పోతుంది."

గెలుపు ఒక్క గేమ్ దూరం. సర్వీసు మనదే. అలిసిపోతే జుహైనా బంతిని తల వెనక్కి ఎగరేస్తుంది, కొడితే గీత దాటి పోతుంది. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, దానికీ నాకూ. నేను నా నుదురు తాకితే చాలు, బంతి ముందుకొచ్చేది. మీరేమో బెంచీ మీంచి, "ఇంకా గట్టిగా కొట్టు" అంటా ఒకటే అరుపు. గట్టిగా కొట్టింది పాపం. ఇంకా అవతల పడింది.

మూడుసార్లు పైకి చూసింది సార్. నా వైపు.

నేను చేతులు ఒళ్లో పెట్టుకోని కూర్చున్నా.

మీరు చెప్పినారనా? మీ మాట నేనెప్పుడు విన్నాను? కావాలనే కూర్చున్నా. అంతమంది ముందర మీకేమీ రాదని తేలిపోవాలనుకున్నా. తేలిందా? జుహైనాకు ఆడ్డం రాదని తేలింది. వాళ్ల నాయన ఆ సాయంత్రమే రాకెట్టు ఖబూరాకు పట్టుకుపోయినాడంట. ఇప్పుడా పిల్ల కారిడార్లో నన్ను చూస్తే తల తిప్పుకోని పోతాంది. దానికి తెలుసు.

సంతకం పెట్టినా సార్, కంగారు పడొద్దు. మీ రాత కొట్టేసి, కింద నేను రాసినదానికి పెట్టినా. "ఆ పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు. నేర్పింది నేను. ఫైనల్లో తప్పు నాది."

తీసుకపోయి ఇవ్వండి. క్లీనింగ్ కంపెనీవాళ్లు రేపే నా వీసా కొట్టేసి విమానం ఎక్కిస్తారు, ఎక్కిస్తే ఎక్కుతా. కానీ తప్పు నా మీదికి నెట్టాలంటే, ఇన్నేండ్లూ కోచింగు చేసింది నేనని మీరే చెప్పాల. మీ నోటితో, వాళ్లందరి ముందర.

చెప్తారా?

కాళ్లు పైకి పెట్టుకోండి సార్, కింద తుడవాల.