పరుశురాం సర్వర్‌కు జేసన్ నేర్పిన ముచ్చట

యూనివర్సిటీ కంప్యూటర్ సెక్షన్‌ల పనిచేసే పరుశురాం తార్నాకల సమ్మయ్య బండి కాడ చాయ్ గ్లాసు పట్టుకున్నడంటే ముచ్చట షురూ అయినట్టే. ఆ పొద్దు పక్కన రీసెర్చ్ చేసే కరుణ, ఆమె క్లాస్‌మేట్ శివకుమార్ ఉన్నరు.

"పెద్ద పనేం కాదు శివా, ఒక్క ఫోల్డర్ కాపాడిన, గంతే. మన కరుణ వాళ్ల నాయనమ్మ కాశమ్మ పాడిన నాట్ల పాటలు రికార్డు చేసి సర్వర్‌ల పెట్టింది. ఫోల్డర్ పేరు 'కాశమ్మ'. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు, ఆ పాటలు పోతే మళ్ల ఎవరు పాడాలె? దాని పక్కనే పనికిరాని ఫోల్డర్ ఇంకోటి, 'కాశమ్మ ట్రయల్' అని. అసొంటి చెత్త తీసెయ్యనీకి మా దగ్గర ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాం, ఉన్నది. అది ఒక కమాండ్ ఏసి లిస్టు అడిగితే సర్వర్ వరుసగ మాటలు కక్కుతది, ఏ మాట ఏందో మాత్రం చెప్పదు. స్క్రిప్టేమో నడుమ ఖాళీ జాగ కనపడంగనే పేరు అయిపోయిందనుకుంటది. గట్ల 'కాశమ్మ ట్రయల్'ల 'కాశమ్మ' వరకే చదివింది. ఇగ చూస్కో!"

"అయ్యో, అసలుదే పోతది గద!" అన్నడు శివకుమార్.

"పోతది! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నేను కాలు మీద కాలేసుకొని, 'ఏయ్ సర్వర్, గొణుగుడు బంద్ చెయ్, సాఫ్‌సీదా జేసన్‌ల చెప్పు' అన్న. జేసన్ అంటే ఏంది? సమాచారం రాసే ఒక తీరు. 'పేరు' అని రాసి, పక్కన పూర్తి పేరు కొటేషన్ గుర్తుల నడుమ పెట్టాలె, 'సైజు' అని రాసి పక్కన సైజు పెట్టాలె. ఇగ ఏ మిషిన్ చదివినా తప్పు పోదు. అప్పటిదాక లోకంల ఏ కమాండ్‌కూ ఆ తెలివి లేకుండె, నేనే నేర్పిన. నా గొంతు వినంగనే స్క్రిప్ట్ ఆగిపోయింది."

"దానికి చెవులేడివి?" సమ్మయ్య అడిగిండు.

"భయానికి మొలిచినయి! అక్కడితోని ఆగుతదా? ఆ జేసన్ క్యాంపస్ మొత్తం పాకింది. హాస్టల్ మెస్‌ల గిన్నె మూత తీస్తే 'పప్పు: లేదు, నీళ్లు: ఉన్నయి' అని ఆవిరి లేచింది. తార్నాక సిగ్నల్ కాడ బస్సులు హారన్ ఇడిచిపెట్టి 'పోయేది: రామంతాపూర్, సీట్లు: సున్నా' అంటున్నయి. మల్కాజ్‌గిరి స్టేషన్ల రైలు ఒచ్చి నా ముందల నిలబడి 'లేటు: నిజం, కారణం: ఖాళీ' అని ఒప్పుకున్నది. మొగులు గూడ ఇన్నది శివా! బౌద్ధనగర్‌ల పడే ప్రతి చినుకు తన పేరు, ఎవరింటి మీద పడాల్నో చెప్పి మరీ పడ్డది. మా డాబా మీద పడే చినుకులైతే నన్ను పర్మిషన్ అడిగినయి!"

కరుణ గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, కమాండ్‌ల ఆ ఆప్షన్ ఎప్పటినుంచో ఉన్నది. మీ సెక్షన్ సింధూజ మేడం మాన్యువల్‌ల చూపిస్తే నువ్వు మర్నాడు స్క్రిప్ట్ మార్చినవు."

"అంటే... అది రెండోసారి నేర్పుడు..."

"ఆ పొద్దు నువ్వు సర్వర్‌తోని ఒక్క మాట మాట్లాడలె. తెగిన చెప్పు మెట్ల మీదనే ఇడిచిపెట్టి ఉరికొచ్చి పవర్ వైరు గుంజినవు. అప్పటికే సగం పాటలు పోయినయి. బ్యాకప్‌లకెల్లి తీసి, నడుమ తెగినయా ఏందని ఒక్కొక్కటి పెట్టుకొని అన్నీ ఇన్నవు. నేను లోపలికొస్తే కండ్లు తుడుచుకుంటున్నవు. గది ఎందుకు చెప్పవు?"

పరుశురాం ఎటో చూసిండు.

"అండ్ల చెప్పుకునేదేమున్నది చెల్లె? సర్వర్ రూంల ఏసీ గాలి కండ్లకు కొట్టింది, గంతే."

"ఆ రూంల ఏసీ అప్పటికే పాడయి ఉండె అన్నా," అన్నది కరుణ, మెల్లగ.