మేనేజరు మేనకోడలు

ఎంటెబ్బే దారిలో ఒక గులాబీ తోట. మధ్యాహ్నం తిండివేళ. షెడ్డు వెనక నీళ్ళ పంపు దగ్గర పూలు కోసే ఆడవాళ్ళిద్దరు: నాల్వోగా, ఆమెకన్నా పెద్దది నకాయిజా.

“సంతకం పెట్టావా లేదా, అది చెప్పు.”

“చేతులు కడుక్కోనీ అక్కా.”

“వచ్చిన దగ్గర్నించీ కడుగుతూనే ఉన్నావు. నలభైమందిమి నిన్ను పంపాం నాల్వోగా. మందు కొట్టిన షెడ్డులోకి మర్నాడు పొద్దున దాకా మమ్మల్ని పంపొద్దని చెప్పి రమ్మన్నాం. చెప్పావా?”

“చెప్పబోయాను.”

“చెప్పబోయాను అంటే?”

“ముందు పలకరింపులయ్యాయి.”

“ఏ పలకరింపులు? ఇంట్లో పెద్దాళ్ళకి చేసినట్టు మోకాళ్ళ మీద కూర్చునా?”

“నీ అరటి ముద్ద చల్లారిపోతోంది, తిను.”

“ఛీ. మరి ప్యాంటెందుకు తొడుక్కెళ్ళావే? గౌనైతే కాళ్ళు వాటంతటవే వంగుతాయి, ప్యాంటైతే గుర్తుంటుందన్నావు. మీ ఆయనది అడిగి మరీ వేసుకున్నావు.”

“ప్యాంటుతోనే వంగాను. ఇదుగో, మోకాళ్ళ దగ్గర దుమ్ము.”

“చూపించకు. రోతగా ఉంది.”

“మొదట నిలబడే ఉన్నానక్కా, ఒట్టు. మేనేజరు ముగలూలా కుర్చీ చూపించాడు, కూర్చోలేదు. నిలబడే మాట్లాడతానన్నాను. అప్పుడు నవ్వి, ‘మీ అమ్మది మిడతల వంశం కదూ’ అన్నాడు.”

“అయితే?”

“ఆయనదీ అదేనట. ‘అయితే నీకు మేనమామనే కదా, మామయ్యకి దణ్ణం లేదా తల్లీ’ అన్నాడు.”

“వెంటనే కూలబడ్డావు.”

“నాకు తెలీకుండానే. చిన్నప్పుడు మా అమ్మ మెడ మీద చెయ్యేసి వంచేది. ఇప్పుడు ఎవరూ వంచక్కర్లేదు. నా కాళ్ళని చూస్తే నాకే అసహ్యమేస్తోంది.”

“మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. తరవాత?”

“ఒంట్లో ఎలా ఉంది మామయ్యా అన్నాను. ‘ఇల్లు బాగుందా’ అన్నాడు, బాగుందన్నాను. ‘పిల్లలు బాగున్నారా’, బాగున్నారు. ‘పని బాగుందా’...”

“బాగుందన్నావు.”

“పలకరిస్తే బాగుందనేగా అంటాం, ఇంకేమంటాం. తరవాత అదే గొంతుతో, ‘మందు కొట్టాక గంట ఆగుతున్నారుగా, సరిపోతోందా’ అన్నాడు.”

“వద్దు. ఆ మాట అన్నానని మాత్రం చెప్పకు.”

“సరిపోతోందన్నాను.”

“థూ.”

“కాయితం మీద రాసేశాడు. తెచ్చి నేల మీదే, నా ముందు పెట్టాడు. వంగే ఉన్నానుగా, పెన్ను చేతికి అందింది.”

“గంట చాలని నలభైమంది తరఫునా సంతకం. నా చేతులు చూడు, తోలెలా ఊడుతోందో. ఐదో నెల నాకు. ఆకుల మీద మందు ఆరకముందే వెళ్ళి ఆ కొమ్మలు పట్టుకోవాలి.”

“నీ కోసమే వెళ్ళానక్కా. నీ కడుపులో బిడ్డ కోసమే ఒప్పుకున్నాను. లేకపోతే ఈ పెద్దరికం నాకెందుకు.”

“బిడ్డ మాటెత్తకు. నీ నోటితో అసలే ఎత్తకు. పోనీ, లేచాకైనా ఏమీ అనలేదా?”

“తలుపు తీసి పట్టుకున్నాడు. ‘చల్లగా ఉండండి మామయ్యా’ అన్నాను.”

“నాకు డోకొస్తోంది. వేవిళ్ళు కాదిది, నిన్ను చూసే.”

“తిట్టక్కా. ఎన్నైనా తిట్టు, పడతాను. ఒక్కటే అర్థం కావట్లేదు. మా అమ్మ వంశం ఆయనకెలా తెలిసింది?”

“నీ పేరు చూసి ఉంటాడు.”

“పేరు చూస్తే నాన్న వంశం తెలుస్తుంది గానీ అమ్మది ఎలా తెలుస్తుంది.”

“ఎవరో చెప్పుంటారు.”

“ఎక్కడో దూరాన మసాకా నించి కోడలిగా వచ్చినదాన్ని. ఇక్కడ మా అమ్మని ఎరిగినవాళ్ళెవరు? అందరూ మిడతలు వేయించుకు తినే రోజుల్లో నీ ఒక్కదానితోనే అన్నాను, తన వంశం పేరు కాబట్టి మా అమ్మ వాటిని ముట్టదని.”

“సైరను మోగుతుందిప్పుడు, పద.”

“ఇంకా మోగలేదు. తినడం ఎందుకు ఆపేశావు?”

“ఆకల్లేదు.”

“అక్కా.”

“నిన్న పొద్దున నేనూ వెళ్ళాను ఆయన గదికి.”

“దేనికి?”

“నన్నొక్కదాన్నైనా ప్యాకింగు పనికి మార్చమని అడుగుదామని.”

“మార్చాడా?”

“అడగనేలేదు. పలకరింపులతోనే సరిపోయింది. ‘రేపొచ్చే అమ్మాయి ఎవరి పిల్ల, తల్లిది ఏ వంశం’ అన్నాడు. మోకాళ్ళ మీద ఉండగా పెద్దాయన అడిగితే చెప్పకుండా ఎలా ఉంటామే, నువ్వే చెప్పు.”