చార్జింగు బల్బు

కరెంటన్నా! ఓ కరెంటన్నా! ఆ బానెట్ అప్పుడే మూసెయ్యకు, ఆగు! "బాగైపోయింది, తీసుకెళ్లు" అని నువ్వంటావు, నేను నమ్ముతాను, నాలుగు వీధులు తిరిగేసరికి ఇది మళ్లీ కళ్లు తేలేస్తుంది. నమ్మడం నాకో జబ్బన్నా. ఏం చెయ్యను?

కొత్త బ్యాటరీ వేశావు. డైనమో విప్పి కార్బన్లు మార్చావు. బెల్టు బిగించావు. ఎర్తు వైరు తుప్పు గీకావు. ఊరి బయట తోలితే బ్రహ్మాండంగా చార్జి ఎక్కుతుంది. ఊళ్లో తిరిగానా, సాయంత్రానికి సెల్ఫ్ కొడితే టిక్కుమంటుంది, అంతే. నాకంటే ముందు ముగ్గురు తోలి వదిలేసిన కారు, నిజమే. వాళ్లంతా తెలివైనవాళ్లు, అదీ నిజమే. నవ్వకు.

ఇవాళ మాత్రం ఇది ఆగకూడదన్నా. తనని రైలెక్కించాలి.

తనంటే ఎవరేంటి? కళ్లద్దాల షాపు అమ్మాయి! నేను రోజూ అద్దాలు కోసే వర్క్‌షాపు నుంచి ఆ షాపుకి అద్దాల డబ్బాలు తీసుకెళ్తాను కదా, సాయంత్రం తను నా కార్లోనే ఇంటికొచ్చేది. పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో తన పెళ్లయింది. సాక్షి సంతకం నాదే. పెన్ను రాయలేదన్నా ముందు. విదిలించి విదిలించి రాయాల్సి వచ్చింది.

ఏంటి, డాష్‌బోర్డు కింద దూరావు? మీటరు పక్కనా? ఆఁ... అక్కడ బల్బు లేదు. ఎవరు తీశారంటే, నేనే తీశాను.

తను భయపడేదన్నా. తాళం తిప్పగానే ఆ ఎర్ర లైటు వెలిగేదా, ఒక్కోసారి ఓ పట్టాన ఆరేది కాదు. తను డోరు గట్టిగా పట్టుకుని, "ఏయ్ డ్రైవరూ, ఇది పేలదు కదా?" అనేది. పక్కన కూర్చున్న మనిషి అలా బిక్కుబిక్కుమంటుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒక ఆదివారం కూర్చుని ఆ బల్బు లాగేశాను. మర్నాడు తను చూసి, "అబ్బ, బాగుచేయించావా!" అంది. ఆ మొహం చూడాలన్నా నువ్వు! మబ్బు విడిపోయినట్టు... బాగుచేయించాననే చెప్పాను.

ఏంటీ? మళ్లీ చెప్పు.

ఆ బల్బు గుండానే డైనమోకి మొదటి కరెంటు వెళ్తుందా? అది లేకపోతే డైనమో మేలుకోదా? గట్టిగా తోలితే దానంతటదే లేస్తుంది గానీ, మెల్లగా పోతే పడుకునే ఉంటుందా?

లైటు వెలగడం లేదని నీకెందుకు చెప్పలేదంటావా? వెలగకపోవడం మంచిదనుకున్నానన్నా!

ఆగు. నన్ను కాస్త కూర్చోనీ.

వానాకాలంలో ఒక సాయంత్రం తనకో మాట చెబుదామనుకున్నాను. అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ రోజు వైపర్లు, లైట్లు, పాటలు, అన్నీ వేసి మెల్లగా తోలాను. కావాలనే, దారి అయిపోకూడదని. వంతెన దిగాక లైట్లు కొడిగట్టాయి. ఇంజను ఆగిపోయింది. వెనకనుంచి ఒకాయన కారాపాడు. ఇస్త్రీ చొక్కా, పెద్ద గొడుగు. ఆయన బ్యాటరీకీ నా బ్యాటరీకీ వైర్లు కలుపుదామన్నాడు. నేను తడుస్తూ ఏ వైరు ఎటు తగిలించాలా అని చూసుకుంటున్నాను. ఆయన గొడుగు పట్టుకుని తన పక్కన నిలబడ్డాడు.

అవునన్నా. ఆయనే పెళ్లికొడుకు.

పొద్దున అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, "ఇతని కారు ఆగకపోతే మేమిద్దరం కలిసేవాళ్లమే కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరూ ఆపేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను. ఆపితే నా మొహం ఏమవుతుందో నాకు తెలుసు కదా.

వేశావా బల్బు? వెలిగింది... ఆరింది. మీటరెంత చూపిస్తోంది? పద్నాలుగు వోల్టులా? అంటే ఇంక ఆగదా? ఎంత మెల్లగా తోలినా ఆగదా?

ఊఁ.

వెళ్తానన్నా, వెళ్తాను. ఆ ఫోను తనదే. ఎత్తి ఏం చెప్పను? "వస్తున్నా" అనాలి. ఇంకేముంది అనడానికి.

నీ చేతులకి గ్రీజుంది, నన్ను పట్టుకోకు. పెళ్లికని కొన్న చొక్కా ఇది. ఒక్క మాట విని పంపించు. ఎక్కడో ఒకచోట బయటికి అనెయ్యకపోతే దారిలో అనేస్తానేమోనని భయంగా ఉంది, వెనక సీట్లో వాళ్లిద్దరూ ఉండగా. నువ్వే తను అనుకుంటాను. నవ్వకూడదు మరి.

నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మొదటిరోజు షాపులో నా కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా" అని అడిగావే, అప్పట్నుంచీ. మళ్లీ మళ్లీ వచ్చి చూపు మసకగా ఉందన్నాను కదూ? నాకు చూపు బాగానే ఉంది. నిన్ను చూడ్డానికే వచ్చేవాణ్ణి.