ఎడమచేతి కత్తి

పాత బొమ్మల కథల పత్రికకు చరిత్ర రాసిన పంతులమ్మ ఆ సంచికలన్నీ బల్లమీద పరిచింది. ఒకప్పుడు వాటిలో బొమ్మల పక్కన మాటలు చేత్తో రాసినాయన కుదురుగా కూర్చోలేక గదంతా తిరుగుతున్నాడు.

"చివరి ఆరు సంచికల బొమ్మలూ నేనే గీశానమ్మా. చిత్రకారుడు మంచాన పడితే సంతకం కూడా ఆయనదే పెట్టాను."

"రుజువుందా బాబాయ్?"

"వాటిలో కథానాయకుడైన వీరుడి కత్తి ఎడమచేతిలోకి ఎలా వచ్చిందనుకున్నావు? కింద దీపముండే గాజుబల్ల మీద పాత బొమ్మను వెనక్కి తిరగేసి పెట్టి, పైన కాగితమేసి దిద్దేశాను. కంగారు పని!"

"అయ్యో! అది ఆయన ప్రతిభేనని నాలుగు పేజీలు పొగిడానే!"

"కొట్టెయ్యి."

"ఎలా? పుస్తకం నిన్ననే అచ్చయిపోయింది. బైండింగే మిగిలింది."

"పోయినాయనకు పొగడ్తలూ, బతికున్నవాడికి రుజువులూనా?" అన్నాడు కిటికీ దగ్గర ఆగి.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు బాబాయ్?"

"చివర తప్పొప్పుల చీటీ అతికిస్తారుగా? అందులోనైనా నా పేరెక్కించు తల్లీ."