పిన్ను మరిచినవాడు

చిన్న విమానాల షెడ్డు. రెండు సీట్ల తెల్ల విమానం పక్కన, ప్యారాచూట్లు మడుస్తుందని అందరూ గొడుగమ్మ అని పిలిచే ఆవిడ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఫ్లయింగ్ స్కూలు నడిపే పెద్దాయన టోపీతో విసురుకుంటూ సంతకానికి వచ్చాడు.

"ఒకటి, సీటు పక్కనున్న ఎర్ర హ్యాండిల్ బిగుతుగా ఉందా? రెండు, హ్యాండిల్ నుంచి వెనక, ప్యారాచూట్‌ని బయటికి లాగే రాకెట్ దాకా వెళ్ళే కేబుల్ ఎక్కడా మెలిక పడలేదు కదా? మూడు, రాకెట్ తన గొట్టంలో ఉందా? నాలుగు, ప్యారాచూట్ మడిచి ఆరేళ్ళు దాటలేదు కదా? ఐదు, ప్యారాచూట్‌ని విమానానికి కట్టే పట్టీలు నాలుగూ..."

"ఉన్నాయి, ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. సంతకం ఎక్కడ?"

"కళ్ళతో చూసి పెట్టాలి మాస్టారూ. కాగితం మీద అలాగే రాసుంది."

"ఇరవై రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను గొడుగమ్మా. నువ్వు మడిచావంటే ఇక నేను చూసేదేముంది? ఆ కలం ఇలా ఇయ్యి."

"ఆరోది ఉంది. ఎగిరేముందు సేఫ్టీ పిన్ను తీసి..."

"తీసి, జేబులో వేసుకుని, కిందికి దిగాక మళ్ళీ పెట్టాలి. పిన్ను ఉన్నంతసేపూ హ్యాండిల్ కదలదు. ఆ పాఠం చెప్పేది నేను. నాకే అప్పజెప్తావా? ఇదిగో, ఆరింటికీ ఆరు సంతకాలు. చాలా?"

"చాలు. కాగితం నా దగ్గర ఉంటుంది."

"ఉంచుకో, ఫ్రేము కట్టించుకో. పాప వస్తోంది. మొదటిసారి ఒంటరిగా ఎగురుతోంది ఇవాళ. దానికేమో హుషారు, నాకేమో అరచేతుల్లో చెమట."

"మీకు చెమటెందుకు? అన్నీ చూసే సంతకం పెట్టారుగా."

"అదేం మాట? కన్నవాడికి ఉండదా?"

"ఉంటుంది. తోడబుట్టినవాళ్ళకీ ఉంటుంది."

"మళ్ళీ మొదలెట్టావా?"

"నేనెక్కడ మొదలెట్టాను? మొదలెట్టేది మీరు, కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజే. నా మడత బల్లకీ మీ క్లాసుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. మా తమ్ముడు పోయి మూడేళ్ళు. తొమ్మిది బ్యాచ్‌లు. తొమ్మిదిసార్లూ విన్నాను."

"ఏం విన్నావేంటి?"

"'ఇక్కడ ఒక మహానుభావుడుండేవాడు. ఊరందరికీ ఎగరడం నేర్పాడు. తన వంతు వచ్చేసరికి పిన్ను తీయడం మరిచిపోయాడు. చంకలో గొడుగు పెట్టుకుని వానలో తడిసి పోయాడు.' అక్కడ మీరు కాస్త ఆగుతారు. వాళ్ళు నవ్వుతారు. నవ్వాక సుద్దముక్క తీసుకుంటారు."

"అది పిల్లలకి గుర్తుండాలని. కథ చెబితేగానీ పాఠం ఎక్కదు. వాడి పేరు ఎప్పుడైనా ఎత్తానా?"

"పేరెందుకు? 'మతిమరుపు మాస్టారు' అని మీరే పెట్టారుగా. మొన్న గేటు దగ్గర ఒకమ్మాయి నన్ను చూపించి పక్కమ్మాయితో అంటోంది, 'మతిమరుపు మాస్టారి అక్కట' అని. ఆవిడ మడిచిన గొడుగు తెరుచుకుంటుందా అని ఇద్దరూ కిసకిసలు."

"చిన్నపిల్లలు, పోనిద్దూ. నేను నిన్ను ఎప్పుడైనా చిన్నచూపు చూశానా? తమ్ముడు పోయాక నీ ఉద్యోగం పర్మినెంటు చేసింది ఎవరు?"

"మీరే. పుండు మీద కారం చల్లి, మంట తగ్గాలని విసనకర్రతో విసిరారు."

"పొద్దున్నే శుభమా అని పాప ఎగురుతుంటే ఈ గోలేంటి? తాళం తీయి, విమానం బయటికి తోయిస్తాను."

"తీస్తాను. ముందు ఆ బల్ల మీద గుడ్డ తీయండి."

"ఎందుకు?"

"తీయండి మాస్టారూ."

"ఇదేంటి?"

"మీరే చెప్పండి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారుగా."

"రాకెట్. ఏ విమానానిది?"

"మీరు ఆనుకుని నిలబడ్డ విమానానిది. ప్యారాచూట్ విప్పేముందు రాకెట్ ఊడదీసి పక్కన పెట్టాలి. పెట్టాను. ఇంకా బిగించలేదు."

"బిగించలేదా? మరి ఇందాక నేను..."

"మూడో నంబరు. రాకెట్ తన గొట్టంలో ఉందా? ఉంది, ఉంది, అన్నారు. సిరా ఇంకా ఆరలేదు."

"నీకేమన్నా పిచ్చా! నా కూతురు ఎక్కేది దీన్లో! పైన ఏ రెక్కో విరిగితే, అది హ్యాండిల్ లాగితే..."

"ఏమీ జరగదు. మీరు నేర్పినట్టే ముందు ఇంజన్ ఆపుతుంది, ప్రొపెల్లర్ తాళ్ళని కోసేయకుండా. ఆలస్యం చేయదు, కింద ఎత్తు తక్కువైతే ప్యారాచూట్ విచ్చుకునే వ్యవధి ఉండదని మీరే చెప్పారుగా. రెండు చేతులతో లాగుతుంది. ఏమీ జరగదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగుతుంది. ఒక్క నిమిషం ఊహించుకోండి మాస్టారూ. నేను మూడేళ్ళుగా అదే పనిలో ఉన్నాను."

"దాన్ని చంపుదామనుకున్నావా? నీ పగకి నా బిడ్డ కావలసి వచ్చిందా?"

"షెడ్డు తాళం నా నడుముకుంది. రాకెట్ బిగించందే ఈ విమానం గుమ్మం దాటదు. పాప గోరు కూడా నాకక్కర్లేదు. నాకు కావలసింది మీరు. మీ సంతకం ఎలా పుడుతుందో మీ కళ్ళతో మీరే చూడాలి."

"చూశాను. తప్పే. పెద్దవాణ్ణి, దండం పెడతాను. ఆ కాగితం ఇటివ్వు."

"ఇవ్వను. తమ్ముడి విమానానికీ ఇలాగే పెట్టారు. ఆ రోజు పిన్నుకి తీగ చుట్టి ఉందా, లేదా?"

"ఏ తీగ?"

"మాస్టారూ."

"ఏ తీగో నాకేం తెలుసు? పిన్ను తీయలేదని విచారణలో తేల్చారు. నేను తేల్చానా?"

"పిన్ను విల్లులా వంగిపోయింది. అంత లాగాడు వాడు. నిజంగా మరిచినవాడైతే, హ్యాండిల్ రాలేదనగానే గుర్తొచ్చి పిన్ను పీకేస్తాడు. ఒక్క వేలితో వచ్చేది. మరెందుకు రాలేదు?"

"నేను పైన లేను. వాడితో లేను."

"దానికి నాలుగు రోజుల ముందు ఒక విద్యార్థి ఈ షెడ్డులోనే హ్యాండిల్ లాగేశాడు. రాకెట్ రేకులు చీల్చుకుని పోయింది. అదన్నా గుర్తుందా, దానికీ మతిమరుపేనా?"

"గుర్తుండకేం! వెంట్రుకవాసిలో తప్పింది. అక్కడ మనిషి నిలబడి ఉంటే ఏమయ్యేది?"

"అందుకని చీటీ పంపారు. 'అన్ని విమానాల పిన్నులకీ తీగ చుట్టండి. నేను చెప్పేదాకా ఎవరూ విప్పొద్దు.'"

"తాత్కాలికంగా! ఒక్క వారం! హ్యాండిళ్ళకి మూతలు చేయించేదాకా! ఆ వారంలోనే రెక్క విరుగుతుందని నాకు కలొచ్చిందా?"

"రాలేదు. మరి విమానం పడ్డచోటికి అందరికంటే ముందు పరిగెత్తింది ఎవరు? తీగ కత్తిరించే ప్లయరు ఎవరి జేబులో ఉంది?"

"ప్లయరా? అది... అది ఎప్పుడూ నా జేబులోనే..."

"మాట తడబడుతోందేం? క్లాసులో బాగానే సాగుతుందిగా."

"స్కూలు మూసేసేవాళ్ళు. నలభై మంది బతుకు. పోయినవాడు ఎలాగూ పోయాడు. వాడి మీద వేస్తే వాడికి నొప్పి తెలీదు కదా అనుకున్నాను."

"వాడికి తెలీదు. మా అమ్మకి తెలుసు. 'చిన్నప్పుడూ అంతే, బడికెళ్తూ పలక మరిచిపోయేవాడు' అని ఏడుస్తూనే నమ్మేసింది. కన్నతల్లి మాస్టారూ! వాడు చేయని తప్పు వెతికి వెతికి వాడి చిన్నతనంలోంచి తీసింది."

"ఏం కావాలి నీకు? జైలుకి పోవాలా నేను?"

"ఎక్కడికి పంపుతారో పంపేవాళ్ళు చూసుకుంటారు. ఇదిగో తెల్లకాగితం. విచారణాధికారి గారికి. చీటీ పంపింది మీరని, ఆ తీగ మీ మాట మీదే చుట్టారని, కత్తిరించి దాచింది మీరేనని రాయండి."

"రాయకపోతే? నిన్ను ఈ క్షణం ఉద్యోగంలోంచి తీసేసి బయటికి గెంటిస్తే?"

"గెంటించండి. ఈ ఆరు సంతకాలూ పట్టుకునే వెళ్తాను. విచారణ ఆఫీసుకి కాదు. పాప దగ్గరికి."

"దాని జోలికి..."

"నాన్నా! గొడుగత్తా! రెడీనా? గాలి తగ్గింది, ఇప్పుడే బయల్దేరమన్నారు!"

"ఒక్క నిమిషం తల్లీ. అక్కడే ఉండు, లోపలికి రాకు."

"ఏంటి నాన్నా, ముఖం అలా పాలిపోయింది? ఎగిరేది నేనా, నువ్వా? అరె, బల్ల మీద ఆ రాకెట్ ఏంటి?"

"రా పాపా. మీ నాన్నగారు ఉత్తరం రాస్తున్నారు. అయ్యాక బిగిస్తాను. రాయండి మాస్టారూ."

"రాస్తున్నాను. 'పిన్నులకి నా ఆదేశం మీద తీగ చుట్టించాను. విమానం కూలిన తర్వాత...'"

"ఏ పిన్నులు నాన్నా? తీగేంటి?"

"మతిమరుపు మాస్టారు ఉన్నాడే... ఆయన మరిచిపోలేదమ్మా. నేను తీయనివ్వలేదు."

"నువ్వా? మరి క్లాసులో..."

"చెప్పాను."

"మేమంతా నవ్వాం నాన్నా. నేను ముందు బెంచీలో కూర్చుని నవ్వాను. అత్త గోడకి అవతలే ఉందా అప్పుడు?"

"ఉన్నాను పాపా. నీ నవ్వు నాకు తెలుసు."

"ఇదిగో. రాశాను. ఈసారి చదివే సంతకం పెట్టాను. కడుపు నిండిందా గొడుగమ్మా?"

"ఇంకా నిండలేదు. తీగ చుట్టింది ఎవరో రాయలేదు."

"అప్పట్లో షెడ్డు పనులు చూసిన ముసలాయనే చుట్టి ఉంటాడు. ఆయనా పోయాడు. పోయినవాడి మీద మళ్ళీ ఇంకొకటి రాయించకు."

"ముసలాయన ఆ వారమంతా సెలవు."

"మరి?"

"కలం ఇలా ఇవ్వండి. మీ సంతకం కింద నాకు చోటుంది. చీటీ నా చేతికే వచ్చింది. తప్పని తెలుసు. టెంపరరీ ఉద్యోగం, నోరెత్తలేదు. మూడు చుట్లు చుట్టి, కొనలు మెలేశాను. వాడు ఎక్కబోతూ చూశాడు, 'ఇదేంటక్కా, పిన్నుకి తీగేంటి' అన్నాడు. 'పెద్దాయన మాటరా, ఒక్క వారమే, వెళ్ళిరా' అన్నాను. అక్క మాట కదా అని వెళ్ళాడు. ఈ తప్పు మీ ఒక్కరిదేనని మూడేళ్ళు పగ మోశాను మాస్టారూ, సగం తప్పు నాది. పాపా, ఇలా రా. రాకెట్ బిగిస్తాను, నువ్వు దగ్గరుండి చూడు, నా మాట కూడా నమ్మకు. పైకి వెళ్ళేముందు నీ చేత్తో పిన్ను తీసేటప్పుడు మా తమ్ముణ్ణి ఒక్కసారి తలుచుకో. ఎవరడిగినా చెప్పు, ఆయన అన్నీ చూశాడు, చూసి అడిగాడు అని."