చంకలో బ్యాటరీ

మంచుదేశపు ఔలు పట్టణం దగ్గర గడ్డకట్టిన సరస్సు మీద, చేపల కోసం తొలిచిన కన్నం పక్కన ఇద్దరు మిత్రులు కూర్చున్నారు. ఒకడి ఒళ్లో ల్యాప్‌టాప్, దానికి తగిలించిన లైనక్స్ ఫోను ఉన్నాయి. వాడి ప్రాణమంతా ఆ ఫోనులోనే ఉంది.

"ఫోనును లేపే బూట్ పార్టిషన్ మళ్లీ రాశా. అయినా లేవట్లేదురా. పెళ్లి చేసుకుందామా అని టూలికి మెసేజ్ పెట్టా. జవాబు టింగుమంది, చదివేలోపే ఆరిపోయింది."

"అప్పటిదాకా ఫోనెక్కడ పెట్టావ్?"

"చేపల సంచిలో."

"బ్యాటరీకి చలేసిందిరా. ఇటు తే, చంకలో పెట్టుకుంటా. అయినా టూలిని నోటితోనే అడగొచ్చుగా?"

"కలిసుంటున్నది ఆరేళ్లేగా. అంత చనువెక్కడిది?"

కాసేపటికి ఫోను చేపల కంపుతో కళ్లు తెరిచింది.

"ఏమంది?"

"'సరే. చేపలు శుభ్రం చేసి తే' అంది."

"అంతేనా?"

"అంతేనా అంటావేంట్రా? ఆరేళ్లలో తను ఇంత పొడుగ్గా మాట్లాడటం ఇదే మొదటిసారి," అని వాడు కన్నీళ్లు గడ్డకట్టేలోపే తుడుచుకున్నాడు.