ఇక నన్ను లోపలికి రానివ్వకండి

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇంతసేపూ నన్ను పొగిడి పొగిడి అలిసిపోయిన డైరెక్టర్ గారికి, ముందు వరసలోని పెద్ద డాక్టర్లకు, నర్సమ్మలకు, మందుల గది మిత్రులకు, నేను నోరు విప్పకముందే చేతిరుమాలు తీసి పట్టుకున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరవుతున్నాను గానీ, ఈ ఆసుపత్రిలో నేనేం పని చేశానో ఇప్పటికీ చాలామందికి తెలియదు; మా అత్తగారైతే కంప్యూటర్లు తుడుస్తాననుకునేవారు. మీరు రోగి ఫైలు తెరవాలని మీట నొక్కగానే ఫైళ్లన్నీ దాచి ఉంచే పెద్ద కంప్యూటరు, మన జావా సర్వర్, ఒక్క క్షణం ఆగి, "ఈ మనిషికి ఇది చూపించొచ్చా?" అని అడుగుతుంది. మొదట్లో జవాబు కూడా అదే చెప్పుకునేది. దాంతో నర్సమ్మ వార్డు మారినా, డాక్టరు గారు ఉద్యోగం మానేసినా ప్రతి ప్రోగ్రాంలోనూ విడివిడిగా మార్చాల్సి వచ్చేది, ఒకచోట మరిచిపోతే అంతే సంగతులు, వెళ్లిపోయినవాళ్లకూ ఫైళ్లు తెరుచుకునేవి. అందుకని అనుమతుల సంగతంతా బయట ఒక సర్వీసుకు, అంటే ఎవరికేది చూపించాలో తేల్చడమే పనిగా ఉన్న వేరే ప్రోగ్రాంకు అప్పగించి, "నీ అంతట నువ్వు తేల్చకు, వెళ్లి దాన్ని అడుగు" అని సర్వర్‌ను అమర్చాం. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటిరోజు గుర్తుందా, ల్యాబ్ అక్కా? డాక్టర్లకు తెరుచుకుంది, నర్సులకు తెరుచుకుంది, అందరం చప్పట్లు కొట్టాం. అంతలో కారు తాళాలివ్వడానికొచ్చిన డ్రైవరన్న, ట్రిప్పులు రాసుకోవడానికిచ్చిన తన లాగిన్‌తో సరదాగా ప్రయత్నించి, "సార్, నాకూ వస్తోందే! ఇదిగో మీ షుగర్ రిపోర్టు. ఇంట్లో అమ్మగారికి చెప్పారా?" అన్నాడు. (నవ్వులు) మా ఆవిడ వైపు చూడకండి, చెప్పలేదు. తీరా చూస్తే, బయటి సర్వీసు నుంచి జవాబు రాకపోతే మన సర్వర్ మొహమాటపడి అందరికీ సరే అనేస్తోంది! సర్వర్ అమ్మినవాళ్లే అలా పెట్టి పంపారు, మా గదిలో ఎవరమూ చూసుకోలేదు.

అప్పటినుంచి మాకొక పద్ధతి ఏర్పడింది. ఏ మార్పు చేసినా, రావలసినవాళ్లు వస్తున్నారా అన్నదానికంటే ముందు, రాకూడనివాడు ఆగుతున్నాడా అని చూస్తాం. ఆ రాకూడనివాడు ఎప్పుడూ డ్రైవరన్నే. "నన్ను గెంటేసింది సార్!" అని ఆయన సంబరంగా అరిస్తేనే మేం టీకి లేచేవాళ్లం.

పొద్దున్నే నేను చేసే మొదటి పని మీకెవరికీ తెలియదు. తెర మీద సర్వర్ అడిగే ఆ ప్రశ్నలూ, సర్వీసు చెప్పే జవాబులూ ఒకదాని కిందొకటి పడుతుంటే చూస్తూ కూర్చుంటాను. మూడో వార్డు నర్సమ్మ వచ్చేసింది, మందుల గది తెరిచారు, పిల్లల డాక్టరమ్మ ఇవాళ ఆలస్యం... మొహాలు కనపడవు గానీ, ఒక పెద్ద ఇంట్లో ఒక్కొక్కరే నిద్ర లేస్తున్నట్టు ఉంటుంది నాకు. రేపు పొద్దున్న లేచి ఏం చూడాలో తెలియడం లేదు. (ఒక నర్సమ్మ గ్లాసు అందించబోగా) మంచినీళ్లు వద్దమ్మా, బాగానే ఉన్నాను. నాకు వెళ్లాలని లేదు, అంతే.

పోయిన వారం డైరెక్టర్ గారు పిలిచి, "మీ లాగిన్ అలాగే ఉంచేస్తామండీ, మీరు మా ఇంటి మనిషి, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూసుకోండి" అన్నారు. కాదనడానికి నోరు రాలేదు. వారమంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను. ఇంట్లో కుర్చీ ఏ కిటికీ దగ్గర వేసుకోవాలో కూడా చూసిపెట్టుకున్నాను. కానీ సార్, రేపటినుంచి రోగుల ఫైళ్లతో నాకేం పని? మీరు మంచితనం కొద్దీ ఇచ్చి, నేను ఆశ కొద్దీ పుచ్చుకుంటే, ఇన్నేళ్లూ నేను చేసిన పనికి అర్థం లేకుండా పోతుంది.

నన్ను భరించిన మీ అందరికీ, మరీ ముఖ్యంగా నా విసుగంతా ఇంట్లో భరించిన మా ఆవిడకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

నా కుర్చీలోకి వస్తున్న తమ్ముడూ, ప్రతిదానికీ అనుమానపడతావని నీకు 'సందేహం గారు' అని పేరు పెట్టారు కదా, ఒక్క పని చేసిపెట్టు. ఇప్పుడే, నేనిక్కడుండగానే, ఆ అనుమతుల సర్వీసులో నా పేరు తీసెయ్. ల్యాప్‌టాప్ ఇంకా అప్పగించలేదు, నాకు తెరుచుకుంటుందో లేదో నేనే చూస్తాను.

తీశావా? (ల్యాప్‌టాప్ తెరిచి, తన లాగిన్‌తో ప్రయత్నించి, తెర మీద వచ్చింది చదివి, మూసేసి)

రానివ్వలేదు తమ్ముడూ. బాగా చేశావు.

ఇక సెలవు.